టికెట్ డబ్బులో గెలిచినవారికెంత, మంచి పనికెంత? అమెరికా చారిటీ ఆటల బహుమతి నిబంధనలు

ఒక లెక్క చూడండి. ఒక సేవా సంస్థ పది డాలర్ల ర్యాఫిల్ టికెట్లు వెయ్యి అమ్మింది. పది వేల డాలర్లు వచ్చాయి. డ్రా తీసి, అందులో సగం, అంటే అయిదు వేలు, గెలిచినవారి చేతిలో నగదుగా పెట్టింది. మిగతా సగం తన సేవా కార్యక్రమానికి వాడుకుంది. అందరి ముందూ తీసిన డ్రా, ఎవరూ మోసపోలేదు. ఇది చట్టబద్ధమేనా?

టెక్సస్‌లో కాదు. అక్కడ మామూలు సంస్థ ర్యాఫిల్‌లో నగదు బహుమతి ఇవ్వకూడదు. కాలిఫోర్నియాలోనూ కాదు. అక్కడ టికెట్ల మీద వచ్చిన డబ్బులో కనీసం 90 శాతం మంచి పనికే వెళ్లాలి. మిన్నెసోటాలో మాత్రం నిబంధనల ప్రకారం నడిపితే కుదురుతుంది. పైగా అదే రాష్ట్రంలో బార్లలో అమ్మే మరో రకం చారిటీ టికెట్లున్నాయి. వాటి డబ్బులో 85 శాతం దాకా ఆడేవాళ్లకే బహుమతులుగా తిరిగి వెళ్లిపోతుంది.

గుడి కోసమో, సంఘం వేడుక కోసమో, పిల్లల బడి కోసమో అమెరికాలోని తెలుగువాళ్లు ఇలాంటి టికెట్లు కొంటూనే ఉంటారు, అమ్ముతూనే ఉంటారు. ఒక రాష్ట్రంలో చూసిన పద్ధతిని ఇంకో రాష్ట్రంలో మక్కికి మక్కి దింపితే ఇబ్బందే. ఈ నిబంధనలు పైకి గజిబిజిగా కనిపిస్తాయి కానీ, వాటన్నిటి వెనకా ఉన్నది ఒకటే ప్రశ్న: టికెట్ కొన్నవాడు ఇచ్చిన డాలరు చివరికి ఎవరి జేబులోకి చేరుతోంది? బహుమతి మీద పెట్టిన పరిమితులన్నీ దానికి ఒక్కో రాష్ట్రం ఇచ్చుకున్న జవాబులే.

## జూదం ఎప్పుడవుతుంది?

అమెరికా చట్టాలు సాధారణంగా మూడు అంశాలు చూస్తాయి. గెలిస్తే దక్కే బహుమతి ఉందా? గెలుపు అదృష్టం మీద ఆధారపడి ఉందా? పాల్గొనడానికి డబ్బు కట్టాలా? మూడింటికీ అవునంటే అది జూదం. ఒక్కటి తీసేసినా లెక్క మారిపోతుంది.

మనకు తెలిసిన ఉదాహరణతో చెప్పాలంటే, బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం. 1994లో 450 రూపాయలతో మొదలైంది. అందులో డబ్బుంది, దక్కే లడ్డూ ఉంది, కానీ అదృష్టం లేదు. ఎక్కువ పాడినవారిదే లడ్డూ. అందుకే అమెరికాలో నిధులు సేకరించే సంస్థలు చీరలు, నగలు, చిత్రాలు వేలం వేసినప్పుడు ఈ జూదం నిబంధనల జోలికి వెళ్లక్కర్లేదు. అదే నగని పది డాలర్ల టికెట్టు పెట్టి డ్రా తీస్తే వెంటనే జూదం చట్టం కిందికి వస్తుంది.

డబ్బు అంశాన్ని తీసేస్తే? పెద్ద కంపెనీలు 'ఏమీ కొనక్కర్లేదు, ఉచితంగా పేరు నమోదు చేసుకోండి' అనేది ఇందుకే. కొన్ని సేవా సంస్థలు టికెట్టు మీద 'సూచించిన విరాళం 20 డాలర్లు' అని వేస్తాయి. ఆ మాట ఒక్కటే సంస్థను కాపాడదు. డబ్బు ఇవ్వనివారికి కూడా అడిగితే టికెట్టు నిజంగా దొరకాలి, అది అందరికీ తెలిసేలా ఉండాలి. బల్ల దగ్గర కూర్చున్న వాలంటీరు 'ఇరవై ఇస్తేనే టికెట్టు' అన్నాడంటే అది విరాళం అనిపించుకోదు, అమ్మకమే.

ఇక్కడే ఇంకో అపోహ ఉంది. ర్యాఫిల్ టికెట్టుకి పెట్టిన డబ్బును చాలామంది పన్ను మినహాయింపు వచ్చే విరాళంగా చూపిస్తుంటారు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దీన్ని ఒప్పుకోదు. మీరు దానం చేయలేదు, గెలిచే అవకాశాన్ని కొనుక్కున్నారు అంటుంది. డబ్బు వెళ్లింది గుడికే అయినా సరే.

మూడు అంశాలూ ఉన్న ఆటను మామూలుగా నిషేధించి, సేవా సంస్థలకు మాత్రం షరతులతో తలుపు తెరుస్తారు. ఆ షరతుల్లో అసలైనవి బహుమతి గురించే.

## ఏ టికెట్టు ఏ ఆటది?

ర్యాఫిల్ అంటే అందరికీ తెలిసిందే: నంబరున్న టికెట్లు అమ్మి, డ్రా తీసి, ముందే ప్రకటించిన వస్తువు ఇవ్వడం. బహుమతిని ముందే ప్రకటించకుండా, వచ్చిన సొమ్ములో సగం గెలిచినవారికి ఇస్తే అది 50-50. మన క్లబ్బుల్లో తంబోలా, హౌసీ అనేది అక్కడ బింగో. మిన్నెసోటా బార్లలో మాంసం ర్యాఫిల్ అని ఒకటుంది. డాలరో రెండు డాలర్లో పెట్టి నంబరు కొంటారు. గెలిచినవారు బేకన్, స్టేక్, చికెన్ ప్యాకెట్లున్న ట్రేలోంచి ఒకటి ఏరుకుని ఇంటికి పట్టుకెళ్తారు. చలికాలం సాయంత్రాల్లో అదొక పెద్ద సందడి.

ఎక్కువమందికి అర్థంకానిది పుల్‌ట్యాబ్. అట్టతో చేసిన చిన్న టికెట్టు. వెనక చిన్న తలుపుల్లాంటి పట్టీలుంటాయి. వాటిని లాగితే లోపల బొమ్మలు కనిపిస్తాయి. బొమ్మలు కలిస్తే అక్కడికక్కడే డబ్బు. డ్రా ఉండదు, ఎదురుచూపు ఉండదు. మిన్నెసోటాలో వీటిని 1981లో చట్టబద్ధం చేశారు. 1984లో వీటిపై నిఘాకి గ్యాంబ్లింగ్ కంట్రోల్ బోర్డు ఏర్పాటైంది. లైసెన్సు ఉన్న సేవా సంస్థ, అంటే మాజీ సైనికుల సంఘమో, పిల్లల ఐస్ హాకీ క్లబ్బో, బారులో కాస్త చోటు అద్దెకు తీసుకుని వీటిని అమ్ముతుంది. బారు యజమానికి దక్కేది అద్దె. ఆట లాభం సంస్థది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో ఈ చారిటీ ఆటల మీద ఏడాదికి పెట్టే డబ్బు 400 కోట్ల డాలర్లు దాటింది. అందులో సింహభాగం పుల్‌ట్యాబ్‌లదే.

## పుల్‌ట్యాబ్ డబ్బాలో దాగిన లెక్క

పుల్‌ట్యాబ్‌లో బహుమతులు ముందే ముద్రించి ఉంటాయి. ఒక డబ్బాలో ఎన్ని టికెట్లు, వాటిలో ఎన్ని గెలుస్తాయి, ఎంతెంత అన్నది ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది. ఈ వివరాలన్నీ ఉన్న అట్టను ఆట దగ్గర కనిపించేలా పెట్టాలి. దాన్ని ఫ్లేర్ అంటారు. మొత్తం టికెట్లు అమ్ముడైతే వచ్చే డబ్బులో బహుమతులు 85 శాతం మించకూడదన్నది మిన్నెసోటా నియమం.

ఊహించిన ఒక డబ్బాతో చూద్దాం. డాలరు టికెట్లు 2,000. అన్నీ అమ్మితే 2,000 డాలర్లు. బహుమతులు 1,700 డాలర్లకు మించకూడదు. వాటిని ఇలా పంచారనుకుందాం: 200 డాలర్లవి 4, 50 డాలర్లవి 6, 10 డాలర్లవి 20, 5 డాలర్లవి 60, 2 డాలర్లవి 50. కూడితే సరిగ్గా 1,700. గెలిచే టికెట్లు 140, అంటే సుమారు 14 టికెట్లకు ఒకటి. సంస్థకు మిగిలేది 300. ఆ 300లోంచే డబ్బా ఖరీదు, అద్దె, అమ్మేవారి జీతం, రాష్ట్రానికి కట్టాల్సిన పన్ను పోవాలి. మిగిలినదే మంచి పనికి.

ఇంతవరకూ సులువే. చిక్కంతా టికెట్లు ఏ వరుసలో బయటపడతాయన్నదాని మీద ఉంది.

మొదటి 600 టికెట్లలోనే నాలుగు 200లూ, ఆరు 50లూ వచ్చేశాయనుకోండి. ఆ పెద్ద బహుమతులకే 1,100 డాలర్లు పోయింది. చిన్న బహుమతుల మొత్తం 600. వాటిలో పదింట మూడొంతులు కూడా వెళ్లాయనుకుంటే మరో 180. సంస్థకు వచ్చింది 600, ఇచ్చింది 1,280. అంటే 680 డాలర్ల నష్టం. డబ్బాలో ఇంకా 1,400 టికెట్లున్నాయి, వాటిలో మిగిలిన బహుమతులు 420 డాలర్లే. డాలరు పెడితే సగటున 30 సెంట్లు. ఫ్లేర్ మీద పెద్ద బహుమతులన్నీ కొట్టేసి ఉన్నాక ఆ డబ్బా ముఖం ఎవరూ చూడరు. చాలాసార్లు ఆ ఆటను మధ్యలోనే ఆపి, నష్టం లెక్కల్లో రాసుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి. 1,500 టికెట్లు అమ్ముడయ్యాయి, నాలుగు 200లలో ఒక్కటే వచ్చింది. మిగిలిన 500 టికెట్లలో మూడు 200లు దాగి ఉన్నాయి, చిన్నవి సుమారు 150 డాలర్లవి. మొత్తం 750. అంటే డాలరు టికెట్టు సగటు విలువ డాలరున్నర! కొనేవాడికి అనుకూలమైన జూదం ప్రపంచంలో ఇంత బాహాటంగా దొరికేది అరుదు. అలవాటైన ఆటగాళ్లు డబ్బా అడుగు చూస్తూ కాచుకుని ఉండేది ఇందుకే.

కౌంటరులో అమ్మే మనిషి మీద ఆంక్షలు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. డబ్బాలో ఎన్ని టికెట్లు మిగిలాయో, ఏ పెద్ద బహుమతులు ఇంకా రాలేదో ఆ మనిషికి అందరికన్నా బాగా తెలుసు. తెలిసిన మిత్రుడి చెవిలో ఒక్క మాట వేస్తే చాలు, మిగతావాళ్లందరి డబ్బూ ఆ మిత్రుడి జేబులోకి వెళ్తుంది. అందుకే ఆటగాళ్లలో కొందరికి మాత్రమే సమాచారం చేరేలా చేయడం నిషిద్ధం. చెప్పేదేదైనా అందరికీ కనిపించేలా చెప్పాలి. గెలిచిన టికెట్టు మళ్లీ వాడకుండా పాడుచేసి దాచాలి, పెద్ద మొత్తాలకు గెలిచినవారి వివరాలు రాసుకోవాలి. ఇవి చాదస్తంగా కనిపించవచ్చు కానీ, నిజాయితీగా ఆడేవాడికి ఉన్న రక్షణంతా ఈ కాగితాల్లోనే ఉంది.

చివరి టికెట్లు మిగిలిపోకుండా కొన్ని ఆటల్లో ఇంకో ఏర్పాటు ఉంటుంది: డబ్బాలో ఆఖరి టికెట్టు కొన్నవారికి ప్రత్యేక బహుమతి. ఇదీ ఫ్లేర్ మీద ముందే రాసి ఉండాలి. మధ్యలో గుర్తొచ్చి చేర్చేది కాదు.

## 85 శాతం తిరిగి వస్తుందంటే ఏమిటి?

ఈ అంకెని రెండు వైపుల వాళ్లూ తప్పుగానే చదువుతారని నాకనిపిస్తుంది.

ఆటగాడు అనుకునేది: 'వంద పెడితే 85 వస్తాయి, పోయేది పదిహేనే కదా.' ఒకసారి ఆడి లేచిపోతే సగటున అంతే. కానీ గెలిచిన 85తో మళ్లీ టికెట్లు కొంటే సగటున 72 డాలర్ల పావలా వస్తుంది. మళ్లీ కొంటే 61. అలా గెలిచిందంతా పెడుతూ పోతే వందా ఖర్చయ్యేసరికి అతను కొన్న టికెట్ల విలువ దాదాపు 667 డాలర్లు. చేతిలో మిగిలేది సున్నా.

విమర్శకుడు అనుకునేది: '400 కోట్ల డాలర్ల వ్యాపారంలో సేవకి వెళ్లేది ఇంత చిన్న భాగమా? ఇది దానం పేరుతో జూదం.' కానీ ఆ 400 కోట్లు జనం ఇంట్లోంచి తెచ్చిన డబ్బు మొత్తం కాదు. గెలిచిన డాలరే మళ్లీ మళ్లీ కౌంటరు ఎక్కి లెక్కలోకి వచ్చింది. పైన చూసిన మనిషి జేబులోంచి పోయింది వంద. లెక్కల్లో కనిపించింది 667. సంస్థ వాటాను 667తో పోల్చాలా, వందతో పోల్చాలా అన్నదాన్ని బట్టి ఒకే ఆట దుర్మార్గంగానూ కనిపిస్తుంది, ఉదారంగానూ కనిపిస్తుంది.

సంస్థల వాదన ఇది: బహుమతులు తగ్గిస్తే ఆడేవాళ్లు రారు. 90 శాతం మంచి పనికి వెళ్లే 2,000 డాలర్ల ఆట కన్నా, 5 శాతమే వెళ్లే లక్ష డాలర్ల ఆట హాకీ క్లబ్బుకి ఎక్కువ ఇస్తుంది. మొదటిదానిలో 1,800, రెండోదానిలో 5,000. అంకగణితం సరైనదే. అయితే ఆ 5,000 కోసం ఆటగాళ్లు పోగొట్టుకున్నది 15,000. మిగతా పది వేలు ఖర్చులకీ పన్నులకీ పోయింది. అది ఎవరి డబ్బు? చలికాలం రాత్రి బారులో ఒంటరిగా కూర్చుని డబ్బా తర్వాత డబ్బా ఆడేవారిది కూడా. వ్యసనం ఉన్నవారి నష్టం ఊరి మైదానానికి దీపాలవుతోందంటే సంస్థల్లోనే కొందరికి మనసొప్పదు. నాకూ ఆ ఇబ్బంది ఉంది. అయితే ఈ ఆటలు లేకపోతే ఆ డబ్బు నేరుగా దానంగా వస్తుందన్న హామీ కూడా లేదు.

## టాబ్లెట్ మీదికి వెళ్లాక వచ్చిన తగవు

2012లో మిన్నెసోటా శాసనసభ పుల్‌ట్యాబ్‌లను టాబ్లెట్ మీద ఆడుకునేందుకు అనుమతించింది. కారణం సేవ కాదు, ఫుట్‌బాల్. వైకింగ్స్ జట్టుకి మినియాపొలిస్‌లో కొత్త స్టేడియం కట్టాలి, అందులో రాష్ట్రం వాటాకి ఈ ఆటల మీద వచ్చే పన్ను వాడాలి. మొదట్లో ఆదాయం అంచనాలకు చాలా దూరంలో ఉండిపోయింది. తర్వాత ఎంతగా పెరిగిందంటే, 2016లో తెరిచిన ఆ స్టేడియం అప్పును 2023లోనే తీర్చేశారు.

గొడవ బహుమతి మొత్తం గురించి కాదు, అది ఎలా కనిపిస్తుందన్నదాని గురించి. కాగితం టికెట్టులో పట్టీలు ఒక్కొక్కటిగా లాగాలి. టాబ్లెట్‌లో ఒక్కసారి నొక్కితే అన్నీ తెరుచుకుని, బొమ్మలు గిరగిరా తిరిగి ఆగేవి. ఇది స్లాట్ మెషీనే, స్లాట్ మెషీన్ల హక్కు ఒప్పందాల ప్రకారం మాది అని కసీనోలు నడిపే అక్కడి ఆదివాసీ తెగలు అభ్యంతరం చెప్పాయి. తెగలకు కసీనో ఆదాయమే ఆసుపత్రులు, బళ్లు. కాబట్టి ఇది వట్టి వ్యాపారపు పోటీ అని కొట్టేయడానికి లేదు. మరోవైపు సేవా సంస్థలు, లోపల ఆట పాతదేనని, బహుమతులు ముందే నిర్ణయమై ఉంటాయని, పరిమితి కూడా అదేనని వాదించాయి. సాంకేతికంగా అదీ నిజమే. 2023లో చేసిన చట్టంతో, 2025 జనవరి 1 నుంచి ఒక్క నొక్కుతో అన్నీ తెరిచే పద్ధతి ఆగిపోయింది. ఆటగాడు వరుసవారీగా తాకి తెరవాల్సిందే.

## ర్యాఫిల్: కాలిఫోర్నియా తీరు, టెక్సస్ తీరు

కాలిఫోర్నియా శాతంతో కట్టడి చేస్తుంది. 50 డాలర్ల టికెట్లు 400 అమ్మితే 20,000. అందులో 18,000 సేవకే వెళ్లాలి. బహుమతి, ముద్రణ, అన్నీ కలిపి టికెట్ డబ్బులోంచి వాడుకోగలిగేది 2,000. ఈ లెక్కన 50-50 అసలు కుదరదు. మరి పెద్ద బహుమతి ఇవ్వాలంటే? ఎవరైనా దాత నగను ఉచితంగా ఇస్తే, లేదా బహుమతి ఖర్చుకి విడిగా డబ్బిస్తే ఇబ్బంది లేదు. ఆ ఖర్చు టికెట్ డబ్బులోంచి పోలేదు కదా. సంస్థ ముందుగా అటార్నీ జనరల్ కార్యాలయంలో ర్యాఫిల్ కోసం నమోదు చేసుకోవాలి. టికెట్లు ఇంటర్నెట్‌లో అమ్మకూడదు. డ్రా గురించి ఆన్‌లైన్‌లో ప్రచారం చేసుకోవచ్చు, అమ్మకం మాత్రం కాదు. వాట్సాప్ గ్రూపులో పేమెంట్ లింకు పెట్టేవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇదే.

టెక్సస్‌కి శాతంతో పనిలేదు. అది బహుమతి స్వభావం చూస్తుంది. నగదు వద్దు. సంస్థ డబ్బు పెట్టి కొన్న బహుమతి విలువ 75,000 డాలర్లు మించకూడదు. ఇల్లయితే 2,50,000 దాకా. దాత ఇచ్చినదైతే ఈ పరిమితి లేదు. ఇంకో ముఖ్యమైన షరతు: బహుమతి అప్పటికే సంస్థ చేతిలో ఉండాలి, లేదా దాని విలువకు సమానమైన బాండు, అంటే హామీ పత్రం, కౌంటీ క్లర్కు దగ్గర పెట్టాలి. టికెట్టు మీద సంస్థ పేరు, చిరునామా, టికెట్టు ధర, బహుమతి వివరాలు ఉండాలి.

ఈ బాండు గొడవ ఎందుకంటారా? 30,000 డాలర్ల కారు పెట్టి 50 డాలర్ల టికెట్లు అమ్ముతున్నారనుకోండి. 600 అమ్మితేనే కారు డబ్బు వస్తుంది. 450 దగ్గర ఆగిపోయాయి. వచ్చింది 22,500. ఇంకా 7,500 లోటు. అప్పుడు నిర్వాహకుల టెన్షన్ ఊహించుకోవచ్చు. డ్రా వాయిదా వేద్దామా, కారు బదులు టీవీ ఇద్దామా, డబ్బు తిరిగిచ్చేద్దామా అన్న ఆలోచనలన్నీ వస్తాయి. కానీ టికెట్టు కొన్న మనిషి కారు కోసం కొన్నాడు, ఆ తేదీకి కొన్నాడు. టికెట్లు తక్కువ అమ్ముడవడం వల్ల అతని గెలుపు అవకాశం పెరిగింది, ఆ లాభం అతనిదే. కారు ముందే కొనాలనో బాండు పెట్టాలనో చెప్పి చట్టం ఆ నష్టాన్ని కొన్నవాడి మీదికి తోయడానికి వీల్లేకుండా చేసింది. 50-50లో ఈ ప్రమాదం ఉండదు, ఎందుకంటే ఎంత వస్తే అందులో సగమే బహుమతి. చిన్న సంస్థలు దాన్ని ఇష్టపడేది ఇందుకే, రెండు రాష్ట్రాలూ మామూలు సంస్థలకు కాదనేదీ దాన్నే.

అయితే ఈ రెండు రాష్ట్రాల్లోనూ ప్రొఫెషనల్ క్రీడా జట్ల చారిటీ ఫౌండేషన్లకు మినహాయింపుంది. టెక్సస్‌లో దానికి 2015లో ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించారు. స్టేడియంలో 50-50 నగదు ర్యాఫిల్ నడుపుకోవచ్చు. గట్టి తనిఖీలు, పెద్ద మొత్తాలు, పారదర్శకత ఉంటాయి కాబట్టి ఇది సబబే అని కొందరంటారు. వీధి చివర బడికి లేని సౌకర్యం కోటీశ్వరుల జట్టుకెందుకని ఇంకొందరడుగుతారు. రెండో ప్రశ్నకి నాకు సరైన జవాబు ఎక్కడా కనబడలేదు.

## మన దగ్గర పరిస్థితి

అమెరికాలో చూసిందాన్ని సొంత ఊళ్లో పెట్టాలనుకునేవారికి ఒక్క మాట. భారతదేశంలో 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం ప్రకారం లాటరీ నడపగలిగేది రాష్ట్ర ప్రభుత్వమే. కేరళ 2011లో కారుణ్య లాటరీ మొదలుపెట్టి, ఆ రాబడిని పేద రోగుల వైద్యానికి మళ్లించింది. అదీ ప్రభుత్వం నడిపేదే. ఎవరూ తీసుకోని బహుమతి సొమ్ము కూడా ప్రభుత్వానికే చెందాలని ఆ చట్టం చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సొంత లాటరీలు లేవు. ఆలయ కమిటీయో, యువజన సంఘమో 'లక్కీ డ్రా, బండి గెలుచుకోండి' అని టికెట్లు అమ్మితే, ఉద్దేశం ఎంత మంచిదైనా, అమెరికాలోలా సేవా సంస్థ అనే తలుపు ఇక్కడ తెరుచుకోదు. అనుమతి లేకుండా లాటరీ నడిపితే భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు.

## కారు గెలిచారు, తాళం ఇవ్వడానికి ముందు పన్ను

రాష్ట్రాల నిబంధనలు దాటాక అందరికీ ఒకటే ఐఆర్‌ఎస్. గెలిచినదంతా ఆదాయమే, వస్తువైనా నగదైనా. గెలుపును నమోదు చేసే డబ్ల్యూ-2జీ అనే ఫారం సంస్థ ఎప్పుడు ఇవ్వాలన్నది వేరే లెక్క. ర్యాఫిల్, పుల్‌ట్యాబ్‌లకు 2025 వరకు బహుమతి 600 డాలర్లు, ఆపైన ఉండి, పందేనికి కనీసం 300 రెట్లుంటే ఇవ్వాలి. 2026 నుంచి ఆ 600 కాస్తా 2,000 అయింది. చాలా పుల్‌ట్యాబ్ ఆటల్లో పై బహుమతి 599 డాలర్ల దగ్గరే ఆగి కనిపించడం చూసినవారికి, ఆ ఒక్క డాలరు తేడా ఎక్కడిదో ఇప్పుడు తెలిసి ఉంటుంది. ఫారం రాకపోయినా ఆదాయం చూపించాల్సిన బాధ్యత గెలిచినవారిదే.

బహుమతి విలువలోంచి టికెట్టు ధర తీసేశాక 5,000 డాలర్లు దాటితే, ర్యాఫిల్‌లో 24 శాతం పన్ను సంస్థే ముందుగా పట్టుకోవాలి. నగదైతే అందులోంచే కోస్తారు. కారులోంచి ఏం కోస్తారు? 50 డాలర్ల టికెట్టుకి 30,000 కారు వచ్చింది. 29,950లో 24 శాతం 7,188 డాలర్లు. ఆ మొత్తం గెలిచినవారు సంస్థకు కడితేనే తాళం చేతికి. అంత డబ్బు చేతిలో లేనివారికి ఇది పెద్ద దెబ్బ. సంస్థే ఉదారంగా ఆ పన్ను కడతానంటే, కట్టిన పన్ను కూడా గెలిచినవారి ఆదాయం కింద లెక్కకొస్తుంది కాబట్టి శాతం 31.58కి పెరుగుతుంది. అంటే 9,458 డాలర్లు. పన్ను పట్టుకోకుండా కారు ఇచ్చేస్తే ఆ బాకీ సంస్థ నెత్తిన పడుతుంది. ర్యాఫిల్ ప్రకటనలోనే 'పన్ను గెలిచినవారిదే' అనో, 'పన్ను మేమే కడతాం' అనో రాయడం అందుకే మంచిది.

మన విద్యార్థులకు ఇంకో మెలిక. ఎఫ్-1 వీసా మీద వచ్చినవారు మామూలుగా మొదటి అయిదేళ్లు పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్లు. వారి గెలుపు మీద పట్టుకునేది 30 శాతం, ఫారం కూడా వేరు, 1042-ఎస్. కొన్ని దేశాలవారికి ఒప్పందం వల్ల ఈ పన్ను లేదు కానీ, ఆ జాబితాలో భారతదేశం లేదు. పోగొట్టుకున్న పందేలను ఆదాయంలోంచి తీసి చూపించే వీలు కూడా వారికి లేదు. సంఘం వేడుకలో స్నేహితులతో సరదాగా 50 డాలర్ల టికెట్టు కొన్న విద్యార్థికి అదే కారు తగిలితే, తాళం తీసుకోవడానికి ముందు దాదాపు 9,000 డాలర్లు కట్టాలి.